స్క్రోల్ సా ఎంపిక: విజయవాడ, గుంటూరు అభిరుచికారులకు ఒక పోలిక

చెక్క పలక అంచును ఎక్కడా కోయకుండా, నడిమధ్యలో వేలి గోరంత ఖాళీని కూడా శుభ్రంగా తీయగలిగిన యంత్ర రంపం స్క్రోల్ సా. సన్నని బ్లేడు నిలువుగా పైకీ కిందికీ ఆడుతుంటుంది. పనిచేసేవారు బల్లపై పలకను రెండు చేతులతో అదిమిపట్టి, గీసుకున్న గీత బ్లేడుకు ఎదురొచ్చేలా నెమ్మదిగా తిప్పుతూ పోతారు. పూజగది తలుపుకు జాలీ, గుమ్మానికి పేరుపలక, పిల్లలకు చెక్క పజిలు, రకరకాల రంగుల చెక్క ముక్కలను పక్కపక్కన పేర్చి చేసే ఇంటార్సియా చిత్రం, వీటన్నింటినీ ఈ ఒక్క పనిముట్టుతో ఇంటి వరండాలోనే చేసుకోవచ్చు.

ఈ పని మొదలుపెట్టాలనుకునేవారు ముందుగా అడిగేది ఎన్ని అంగుళాల యంత్రం కొనాలి, మోటారు ఎన్ని వాట్లు ఉండాలి అని. ఈ రెండూ తరువాత చూడవలసిన విషయాలని నా దృఢమైన అభిప్రాయం. యంత్రం బ్లేడును ఎలా పట్టుకుంటుంది, పట్టుకున్నదాన్ని ఎంత సులువుగా వదిలి మళ్లీ బిగించనిస్తుంది అన్నదే మొదట చూడాలి, ఎందుకంటే లోపలి కోత ప్రతిదానికీ బ్లేడు పైకొసను విప్పి, పలకలో వేసిన చిన్న రంధ్రంలోంచి దూర్చి, తిరిగి బిగించవలసి ఉంటుంది. ఓ మోస్తరు జాలీలో ఇటువంటి ఖాళీలు యాభై, అరవై దాకా ఉంటాయి. ఒక్కొక్క మార్పుకు రెండు మూడు నిమిషాలు పట్టే యంత్రం మీద ఆ జాలీని మొదలుపెట్టినవారు దాన్ని పూర్తి చేయరు.

చేతి రంపమా, యంత్రమా

యంత్రం కొనడానికి ముందు కొన్నాళ్లు చేతి రంపంతో కోయమని సలహా ఇస్తాను. హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే కోపింగ్ సా ఇందుకు సరిపోదు. దాని బ్లేడు ఆరున్నర అంగుళాల పొడవుతో, రెండు కొసల్లో పిన్నులతో, మందంగా ఉంటుంది కాబట్టి మూలలు తిరగదు. మనకు కావలసింది సన్నని బ్లేడుండే చేతి రంపం, ఫ్రెట్ సా. అది దొరకనప్పుడు స్వర్ణకారులు వాడే రంపపు ఫ్రేము చక్కగా పనికొస్తుంది. బంగారు పని సాగే చోట ఆ పనిముట్లు అమ్మే దుకాణాలు కూడా ఉంటాయి కనుక, ఈ రెండు నగరాల్లోనూ అక్కడ అడిగి చూడటం మంచిది. ఆ ఫ్రేముకు పట్టేది 5 అంగుళాల పొడవున్న, పిన్నులు లేని బ్లేడు. స్క్రోల్ సా బ్లేడు కొలత కూడా ఇదే, అందువల్ల ఈ రోజు కొన్న బ్లేడ్లు రేపటి యంత్రానికి కూడా ఉపయోగపడతాయి. అయితే స్వర్ణకారుల బ్లేడు లోహం కోయడానికి చేసినది. పళ్లు మరీ సన్నగా ఉండటంతో, చెక్కలో పెడితే పొట్టు ఇరుక్కుని నత్తనడక నడుస్తుంది. చెక్కలో పొదిగే ఇత్తడి రేకుకూ, రెండు మిల్లీమీటర్ల లోపు పలకలకూ మాత్రం అదే సరైనది.

చేతి ఫ్రేముకు ఒక హద్దు ఉంది. బ్లేడుకూ ఫ్రేము వెనక కడ్డీకీ మధ్య దూరం స్వర్ణకారుల రకంలో సాధారణంగా మూడు నాలుగు అంగుళాలకు మించదు కనుక, పెద్ద పలక నడుముకు అది చేరదు. వి ఆకారంలో కోత పెట్టిన చిన్న చెక్కను బల్ల అంచుకు బిగించి, దానిపై పలకను ఆనించి, బ్లేడు పళ్లు కిందికి ఉండేలా పెట్టి కోయాలి. దీనికి ఖర్చు కొన్ని వందల రూపాయలే. కొన్ని వారాల తరువాత కూడా చేతికి ఆ పని రుచిస్తూ ఉంటే యంత్రం కొనడానికి అర్థం ఉంటుంది. రుచించకపోతే పెద్ద మొత్తం మిగులుతుంది.

యంత్రానికి బదులు, చేత్తో పట్టుకుని నడిపే కరెంటు రంపం జిగ్ సా చాలదా అని అడిగేవారు చాలామంది. చాలదు. జిగ్ సా బ్లేడుకు ఒక కొసే బిగింపు ఉంటుంది. వంపు తిరిగేటప్పుడు కింది కొస పక్కకు పోతుంది, పై అంచు పెచ్చులూడుతుంది. బ్యాండ్ సా బ్లేడు మూసిన వలయం కాబట్టి దానితో లోపలి కోత అసలు కుదరదు.

లేజరు సంగతి వేరు. పేరుపలకలు, బహుమతి వస్తువులు చేసేవారి దగ్గర ఉండే లేజరు యంత్రం 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను ఎంతో కచ్చితంగా కోస్తుంది. ఒకే బొమ్మ వంద కావాలంటే వారికే ఇవ్వడం తెలివైన పని. కానీ లేజరు అంచును మాడుస్తుంది, అంగుళం మందమున్న టేకును కోయడం దానివల్ల అయ్యే పని కాదు. కంప్యూటరు నడిపే సీఎన్‌సీ రౌటరు మందపాటి చెక్కను కోస్తుంది గాని, గుండ్రంగా తిరిగే దాని బిట్టు వ్యాసార్థం మేరకు ప్రతి లోపలి మూలా గుండ్రంగానే మిగిలిపోతుంది. సూదిమొనలా ముగిసే ఆకు కొసను ఆ మందంలో తీయగలిగేది స్క్రోల్ సా బ్లేడే.

యంత్రంలో చూడవలసినవి

చౌక యంత్రాల్లో కొన్ని పిన్నులున్న 3 అంగుళాల బ్లేడును మాత్రమే తీసుకుంటాయి. ఇది కొనకూడని రకం అని నిస్సంకోచంగా చెబుతాను. పిన్ను దూరాలంటే పలకలో దాదాపు 5 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. చిన్న ఖాళీలు ఉన్న నమూనాలో ఆ రంధ్రమే ఖాళీ కంటే పెద్దదవుతుంది. పిన్నులేని బ్లేడుకు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల రంధ్రం చాలు. పైగా పిన్నుల బ్లేడ్లలో సన్నని రకాలు చాలా తక్కువ.

తెలుగులో పేరుపలక చేయాలనుకునేవారికి ఈ తేడా మరింత ముఖ్యం. మన అక్షరాలు గుండ్రాలతో నిండి ఉంటాయి. పేరులోని ప్రతి సున్నా, ప్రతి ర ఒక మూసిన గుండ్రమే, అంటే ఒక్కొక్కదానికి ఒక రంధ్రం, ఒకసారి బ్లేడు విప్పి బిగించడం. ప, స, హ వంటి అక్షరాలపై తలకట్టు చాలా అచ్చుల్లో అక్షరానికి తగలకుండా విడిగా ఉంటుంది. వత్తులు కూడా కిందికి విడిపోయి ఉంటాయి. అక్షరాలను విడిగా కోసి గోడకు పెట్టదలిస్తే ఈ ముక్కలన్నింటినీ సన్నని వంతెనలతో అక్షరానికి కలుపుతూ నమూనా గీసుకోవాలి, లేదా అక్షరాలను వేరే పలకపై అంటించాలి. ఆంగ్ల అక్షరాలకు గీసిన నమూనాలను చూసి యంత్రం ఎంచుకున్నవారికి ఈ ఇబ్బంది మొదట కనిపించదు. తెలుగు అక్షరాలు కోసేవారికి పిన్నులేని సన్న బ్లేడు, పనిముట్టు అవసరం లేకుండా వేళ్లతోనే తిప్పి బిగించే బిగింపు, ఈ రెండూ తప్పనిసరి.

బ్లేడును మోసే చేతుల నిర్మాణం తరువాతి అంశం. సి ఆకారపు ఒకే చేయి ఉన్న రకంలో పైకొస, కింది కొస ఒకే ఇరుసుపై ఊగుతాయి కనుక, బ్లేడు ముందుకూ వెనక్కూ కొంత వంగుతూ కదులుతుంది. కోత వేగంగా సాగుతుంది గాని, ఇరుకు మలుపుల్లో చెక్క అంచు నిక్కచ్చిగా నిలువుగా రాదు. సమాంతర చేతులున్న రకంలో రెండు చేతులూ వేర్వేరు ఇరుసులపై కదిలి బ్లేడును దాదాపు నిలువుగానే ఉంచుతాయి. నేడు దొరికే 16 అంగుళాల చౌక యంత్రాలు ఎక్కువగా ఈ రకమే. పొడవాటి చేతులు మొత్తంగా ఊగడం వల్ల వాటిలో కంపనం ఎక్కువ. మూడో రకంలో చేతులు కదలవు. వాటి లోపల కడ్డీలు ముందుకూ వెనక్కూ జరుగుతూ, చివర ఉన్న చిన్న భాగాలను మాత్రమే ఆడిస్తాయి. డీవాల్ట్ డీడబ్ల్యూ 788, ఎక్స్‌కాలిబర్ వంటి 20, 21 అంగుళాల యంత్రాలు ఈ రకానివి. కంపనంలో తేడా మొదటి నిమిషంలోనే చేతికి తెలుస్తుంది. రెండు గంటలు కూర్చుని కోసేవారికి అది కళ్ల అలసటలోనూ తెలుస్తుంది, ఎందుకంటే అదురుతున్న గీతను చూపు వెంబడించలేదు.

చౌక యంత్రంలో కంపనాన్ని కొంత తగ్గించవచ్చు. దాన్ని బరువైన బల్లకు బోల్టులతో బిగించి, మధ్యలో మందపాటి రబ్బరు షీటు వేయాలి. మామూలు డైనింగ్ టేబులు మీద ఊరికే పెట్టి చూసి, యంత్రం బాగాలేదని తీర్మానించడం న్యాయం కాదు.

వేగాన్ని మార్చుకునే వీలు ఉండి తీరాలి. నిమిషానికి సుమారు 400 నుంచి 1600 స్ట్రోకుల (బ్లేడు ఒకసారి పైకీ కిందికీ ఆడితే ఒక స్ట్రోకు) వరకు మార్చగలిగిన యంత్రం అన్ని పనులకూ సరిపోతుంది. అక్రిలిక్ షీటును ఎక్కువ వేగంతో కోస్తే కరిగి బ్లేడు వెనక మళ్లీ అతుక్కుంటుంది. ఇత్తడికి కూడా నెమ్మదితనం కావాలి. గట్టి చెక్క అయితే వేగానికి మాడుతుంది. ఒకే వేగం ఉన్న యంత్రం ప్లైవుడ్‌కు మాత్రమే పరిమితమయ్యేవారికి పనికొస్తుంది.

బ్లేడు నుంచి వెనక స్తంభం వరకు ఉన్న దూరాన్నే యంత్రం పరిమాణంగా చెబుతారు. 16 అంగుళాలంటే 32 అంగుళాల పలక నడుము దాకా చేరుతుందని అర్థం. ఇంటి పేరుపలకలకు, గోడ గడియారాలకు, బొమ్మలకు ఇది చాలు. గుమ్మం పైన అమర్చే పొడవాటి జాలీలు కోసేవారికే 20 అంగుళాల పైబడిన యంత్రంతో పని. పలకను తిప్పకుండానే అన్ని దిక్కులకూ కోసే మెలిక బ్లేడు వాడితే చిన్న యంత్రం మీద కూడా పొడవాటి పలకను కోయవచ్చు గాని, అంచు గరుకుగా వస్తుంది.

వాలు కోత అవసరమయ్యేవారు మరో సంగతి చూడాలి. చాలా యంత్రాల్లో బల్ల వాలుతుంది. ఎక్స్‌కాలిబర్ వంటి వాటిలో బల్ల సమతలంగానే ఉండి పై భాగం వాలుతుంది. ఒక రంగు చెక్కలో మరొక రంగు చెక్కను పొదగాలంటే రెండు పలకలను ఒకదానిపై ఒకటి పెట్టి కొద్దిపాటి వాలుతో కోస్తారు. బ్లేడు తీసే ఖాళీ 0.4 మిల్లీమీటరు, పలక మందం 6 మిల్లీమీటర్లు అయినప్పుడు సుమారు 4 డిగ్రీల వాలు పెడితే పై ముక్క కింది ఖాళీలో సందు లేకుండా కూర్చుంటుంది. వాలిన బల్లమీద పలక జారకుండా పట్టుకోవడం కష్టం కనుక, పొదుగు పనే ప్రధానంగా చేయదలచినవారికి రెండో రకం యంత్రంపై పెట్టే ఎక్కువ ఖర్చు సార్థకమే.

అమెరికా నుంచి తెప్పించడం గురించి

మన రెండు నగరాల్లో అమెరికాలో పిల్లలు లేని వీధి అరుదు కనుక ఈ ప్రశ్న తప్పక వస్తుంది. అక్కడి యంత్రం 120 వోల్టులు, 60 హెర్ట్జ్ కరెంటుకు చేసినది. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజీని తగ్గిస్తుంది గాని హెర్ట్జ్‌ను మార్చదు. ఇండక్షన్ మోటారు, ఒకే వేగం ఉన్న యంత్రం అయితే ఇక్కడ ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది, మోటారు ఎక్కువ వేడెక్కే ప్రమాదం కూడా ఉంది. కార్బన్ బ్రష్షుల మోటారుకు ఈ చిక్కు లేదు. ఆపైన బరువు ఒక సమస్య. డీడబ్ల్యూ 788 ఒక్కటే దాదాపు 25 కిలోలు తూగుతుంది, విమానంలో ఒక పెట్టెకు సాధారణంగా అనుమతించేది 23 కిలోలు. నా సలహా ఏమిటంటే, యంత్రాన్ని ఇక్కడే 230 వోల్టులది కొనండి, అక్కడి నుంచి బ్లేడ్లు తెప్పించుకోండి. డజన్ల కట్టలుగా అమ్మే ఆ బ్లేడ్లు ఏడాదికి సరిపడా తెచ్చినా చేతి సంచిలో ఒక మూల పడతాయి, కాకపోతే విమానాశ్రయ తనిఖీలో ఆపకుండా వాటిని లగేజీలోకి మార్చి పంపమని చెప్పాలి. యంత్రం చౌకదైనా మంచి బ్లేడు పెడితే కోత ఎంత మారుతుందో చూసినవారు ఈ మాటతో ఏకీభవిస్తారు.

బ్లేడ్లు

బ్లేడుకు అంకె పెరిగేకొద్దీ మందం, వెడల్పు పెరుగుతాయి. 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు 2/0 (ఇది సున్నా కంటే కూడా సన్నని రకం) లేదా 1వ నంబరు, 6 మిల్లీమీటర్లకు 1 నుంచి 3, ముప్పావు అంగుళం చెక్కకు 5 లేదా 7, ఒకటిన్నర అంగుళం దాటితే 9, అంతకు పైవి వాడతారు. మొదట్లో 5వ నంబరు ఒక డజను, 3వ నంబరు ఒక డజను ఉంటే చాలు, మిగతావి పని అడిగినప్పుడు కొనుక్కోవచ్చు. ప్లైవుడ్‌కు రివర్స్ టూత్ రకం తీసుకోవాలి. దాని కింది చివర కొన్ని పళ్లు పైకి తిరిగి ఉండటం వల్ల పలక అడుగు పెచ్చులు లేవదు, ఉప్పుకాగితంతో రుద్దే పని సగం తగ్గుతుంది.

బిగువు సరిపోయిందా లేదా అన్నది బ్లేడును వేలితో మీటి తెలుసుకోవచ్చు. సన్నని, స్పష్టమైన ధ్వని రావాలి. మొద్దు శబ్దం వస్తే ఇంకా బిగించాలి. చాలా బ్లేడ్లకు తయారీలో ఒక పక్క సన్నని గరుకు అంచు (బర్) మిగిలిపోతుంది. అందువల్ల పలకను తిన్నగా నెట్టినా కోత కొద్దిగా కుడికి లాగుతుంది. యంత్రంలో లోపం ఉందనుకుని దుకాణానికి తిరిగి ఇవ్వబోయే ముందు ఇది గుర్తుంచుకోవాలి. పలకను కాస్త ఏటవాలుగా నెట్టడం అలవాటైతే గీత మీదే నడుస్తుంది. బ్లేడు మొద్దుబారితే దాన్ని పారేయడమే. చెక్కను బలంగా నెట్టవలసి వస్తున్నదంటే ఆ సమయం వచ్చినట్టే.

చెక్క ఎంపిక

విజయవాడకు చేరువలోనే కొండపల్లి ఉండటం మనకున్న వరం. అక్కడి బొమ్మల కళాకారులు వాడే తెల్ల పొణికి ఎంతో తేలిక, మెత్తన. వారు అవయవాలను వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి రంగులు వేస్తారు. స్క్రోల్ సా మీద పొణికి వెన్నలా తెగుతుంది, ఆ మెత్తదనమే దాని చిక్కు కూడా. బ్లేడు గీత దాటి పరుగెత్తుతుంది, సన్నని వంతెనలు వేలు తగిలినా విరుగుతాయి. ఏనుగు, ఎడ్లబండి వంటి గుండ్రని, మందపాటి రూపాలకు, రంగు వేయబోయే బొమ్మలకు అది శ్రేష్ఠం. జాలీకి పనికిరాదు. పొణికి కరువై కొండపల్లి కళాకారులే ఇబ్బంది పడుతున్నారు కనుక, దుంగలు కొనకుండా వారి దగ్గర మిగిలిన తునకలు అడిగి తెచ్చుకోవడమే న్యాయమని నేను భావిస్తాను.

నేర్చుకునేటప్పుడు ప్లైవుడ్ మేలు. కోత ఏ దిశలో సాగినా ఒకేలా నడుస్తుంది, సన్నని భాగాలు విరగవు. కాకపోతే చవక ప్లైవుడ్ లోపలి పొరల్లో ఖాళీలుంటాయి. జాలీ పూర్తవుతుండగా అంచులో చిల్లు బయటపడితే చేసేదేమీ లేదు. డిపోలో షీటు అంచులను నాలుగు వైపులా చూసి, ఐఎస్ 303 లేదా ఐఎస్ 710 (ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణాల అంకెలు) ముద్ర ఉన్నదే తీసుకోండి. 710 నీటిని బాగా తట్టుకుంటుంది గాని, దాని గట్టి జిగురు బ్లేడును త్వరగా మొద్దుబారుస్తుంది. ఇంట్లో వేలాడదీసే వస్తువుకు 303 చాలు, వీధి గుమ్మం దగ్గర వాన జల్లు తగిలే పేరుపలకకు మాత్రం 710.

టేకు అందరికీ ఇష్టమైనది, మన తలుపుల పనిలో మిగిలిన ముక్కలు వడ్రంగుల దగ్గర సులువుగా దొరుకుతాయి. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే చేవ టేకు ఇంకా మంచిది, ఏళ్ల తరబడి ఆరి ఉండటం వల్ల వంకర తిరగదు. దానిలో మేకుల ముక్కలు మిగిలాయేమో అయస్కాంతంతో ముందే వెతకాలి. టేకులో సహజంగా ఉండే సిలికా బ్లేడు పదునును తింటుంది. దానిలోని నూనె వల్ల జిగురు సరిగా పట్టదు, అతికే ముందు ఆ ముఖాన్ని థిన్నరుతో తుడవాలి. ఇంటార్సియాకు మన చుట్టూ ఉన్న చెక్కలే సహజమైన రంగులిస్తాయి. పనస పసుపు, పొణికి తెలుపు, నల్లతుమ్మ ముదురు గోధుమ, వేప ఎరుపు కలిసిన గోధుమ. ఎర్రని రంగు కోసం ఎర్రచందనం వైపు చూడవద్దు, దాని సేకరణ, రవాణా చట్టం నియంత్రణలో ఉన్నాయి. మామిడి చెక్క చవక, చూడ ముచ్చటైన చారలుంటాయి, అయితే పురుగు త్వరగా పడుతుంది.

వర్షాకాలంలో కృష్ణ ఒడ్డు గాలిలోని తేమకు పలుచని పలకలు వంగుతాయి. పలకలను గోడకు ఆనించి నిలబెట్టకుండా, సమతలంగా పేర్చి పైన బరువు పెట్టి ఉంచాలి.

యంత్రం ఉంచే చోటు

రౌటరు, జిగ్ సాలతో పోలిస్తే స్క్రోల్ సా చప్పుడు తక్కువ. అపార్టుమెంటులో పగటిపూట వాడితే పక్కవారికి ఇబ్బంది ఉండదు, కింది ఇంటికి చేరే అదురును రబ్బరు షీటు ఆపుతుంది. దుమ్ము విషయంలోనే గట్టి జాగ్రత్త కావాలి. చెక్క పొట్టును క్యాన్సరు కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ గుర్తించింది. ఈ యంత్రం పొట్టు చాలా మెత్తగా ఉండి గాలిలో తేలుతుంది కనుక ఎన్95 మాస్కు లేకుండా ఒక్క కోత కూడా కోయవద్దు. ఎండాకాలంలో సీలింగు ఫ్యాను కింద కూర్చోవాలనిపిస్తుంది, కానీ ఆ గాలి పొట్టును ఇల్లంతా పరుస్తుంది. వరండాలో, వీపు వెనక నుంచి బయటికి వీచేలా ఒక టేబులు ఫ్యాను పెట్టుకోవడం మేలు. చెక్క పొడిని జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్ పలక దుమ్ములో జిగురు రసాయనం కూడా ఉంటుంది కాబట్టి దాన్ని ఇంట్లో కోయకపోవడమే మంచిది.

ఎవరికి ఏది

పిల్లలకు పజిళ్లు, చిన్న బొమ్మలు చేయాలనుకునేవారు 16 అంగుళాల, వేగం మారే, పిన్నులేని బ్లేడు పట్టే సమాంతర చేతుల యంత్రం తీసుకుని, మిగిలిన డబ్బు బ్లేడ్లపై, మంచి దీపంపై పెట్టాలి. తెలుగు పేరుపలకలు, జాలీలు ప్రధానమైతే కొంతకాలం ఆగి డబ్బు కూడబెట్టి అయినా, వేళ్లతో తిప్పే బిగింపు ఉన్న, కడ్డీలు కదిలే మూడో రకానికే వెళ్లమంటాను, ఎందుకంటే ఆ పనిలో సగం కాలం బ్లేడు విప్పడంలోనే గడుస్తుంది. పదిహేను మందికి ఒకే బహుమతి ఇవ్వదలచినవారు 3 మిల్లీమీటర్ల పలకలు నాలుగింటిని ఒకదానిపై ఒకటి పేర్చి, చుట్టూ టేపు వేసి ఒకేసారి కోస్తే నాలుగు కోతలకే పని ముగుస్తుంది. ఇందుకు చౌక యంత్రమైనా చాలు.

ఇద్దరు ముగ్గురు కలిసి ఒక మంచి యంత్రం కొనుక్కోవడం కూడా ఆలోచించదగినదే. ఈ అభిరుచి ఉన్నవారు నమూనాలను, బ్లేడ్లను, చెక్క తునకలను ఒకరితో ఒకరు ధారాళంగా పంచుకుంటారు. పక్కన కూర్చుని ఒకరు కోస్తుంటే చూసి నేర్చుకున్న చేతి కదలిక ఏ పుస్తకంలోనూ దొరకదు. వాడిన యంత్రం ఎవరి దగ్గరైనా కొంటున్నప్పుడు కరెంటు పెట్టక ముందే పై చేతిని పక్కకు ఊపి చూడండి. అది వదులుగా ఊగితే ఇరుసు బుష్షులు అరిగినట్టు. విజయవాడ ఆటోనగర్‌లో వాటిని టర్నింగ్ చేయించుకోవచ్చు గాని, ఆ ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగాలి. తరువాత సన్న బ్లేడు ఒకటి బిగించి, అమ్మేవారి ముందే పలక మధ్యలో రూపాయి బిళ్లంత గుండ్రం కోసి, తెగిన ముక్కను పై నుంచీ కింద నుంచీ రంధ్రంలో తిరిగి పెట్టి చూడండి. రెండు వైపులా ఒకేలా కూర్చుంటే బ్లేడు నిలువుగా నడుస్తున్నట్టే, ఒక వైపు నుంచే దూరితే బల్లను బ్లేడుకు లంబంగా సరిచేసి మళ్లీ కోయించండి. అప్పటికీ అలాగే ఉంటే ఆ యంత్రాన్ని వదిలేయండి.